కనిగిరి నీళ్ళ తారీఖ్

మా ఫుప్పీ నవ్విన ఫొటో ఒక్కటీ మా ఇంట్లో లేదు. ఈద్ ఫొటో అయినా, ఎవరి నిఖా ఫొటో అయినా, ఆమె పెదాలు బిగబట్టి కూర్చుంటుంది, లేదంటే దుపట్టా కొంగు నోటికి అడ్డం ఉంటుంది. చిన్నప్పుడు మేం ఆమెకు గుస్సా ఎక్కువ అనుకునేవాళ్ళం.

1971లో ఆమెకు ఒక మంచి రిష్తా వచ్చింది. వచ్చినవాళ్ళు చాయ్ తాగారు, ఖాందాన్ గురించి మాట్లాడుకున్నారు, పిల్లను చూశారు. ఫుప్పీ సలాం చెప్పింది. రెండు రోజులకు కబురొచ్చింది: "పిల్ల మంచిదేగానీ, పళ్ళు చూస్తే జర్దా అలవాటున్నట్టుంది." ఆమె జన్మలో జర్దా ముట్టలేదు. ఆ తర్వాత బొగ్గుతో తోమింది, ఉప్పుతో తోమింది, ఇటుక పొడితో తోమి చిగుళ్ళు రక్తం చేసుకుంది. పంటి మీద ఆ గోధుమరంగు చారలు పోలేదు. చివరికి ముప్పై దాటాక, భార్య చనిపోయి ఇద్దరు పిల్లలున్న ఒక మంచి మనిషితో నిఖా అయింది. ఆ రిష్తా మాట ఎత్తితే ఆమె ఇప్పటికీ ఒకటే అంటుంది: "క్యా కర్నా బేటా, నసీబ్."

మా దాదీమాది ఇంకో బాధ. ఆమె మెడ తిరిగేది కాదు. నమాజు చివర కుడికీ ఎడమకీ సలాం తిప్పాలంటే భుజాలతో సహా ఒళ్ళంతా తిప్పేది. తర్వాత తర్వాత నడుము కూడా కర్రలా బిగిసిపోయి పీట మీద కూర్చుని చదివేది. అందరూ ముసలితనం అన్నారు. అప్పటికి ఆమెకు యాభై కూడా నిండలేదు.

గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో, లైబ్రరీలో ఒక పుస్తకం తిరగేస్తుంటే నాకు ఒక వైద్య పత్రం పేరు కనబడింది. "నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్" అన్నది దాని విషయం. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. అంతకు ముందు మన కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లాలోవే. ఆ పత్రం అచ్చయిన సంవత్సరం చూశాను: 1937. ఫుప్పీ పుట్టింది 1952లో. ఆమె పుట్టడానికి పదిహేనేళ్ళ ముందే ఆమె పళ్ళ మీద మరకకు, దాదీమా మెడకు కారణం పేరుతో సహా అచ్చులో ఉంది!

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. ఈ మజ్మూన్‌లో రెండూ ఉన్నాయి. ఆ కారణాన్ని ఎవరు కనిపెట్టారు, ఎలా కనిపెట్టారు, కనిపెట్టిన సంగతి మన గడప దాకా ఎందుకు రాలేదు? ఇన్నేళ్ళుగా నేను వెతుక్కుంటూ వచ్చిన సవాళ్ళు ఇవి.

ముందు వెలుగు సంగతి చెప్పాలి. పొయ్యి మంటలో చిటికెడు ఉప్పు పడితే మంట పసుపుపచ్చగా మారడం మన ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆ పసుపు ఉప్పులోని సోడియంది. ప్రతి మూలకానికీ ఇలా తనదైన రంగు ఉంటుంది. ఆ వెలుగును గాజు పట్టకం గుండా పంపిస్తే రంగులు విడిపోయి సన్నని గీతలుగా కనబడతాయి. ఒక మూలకం గీతలు మరో మూలకానికి ఉండవు, మొహర్ వేసినట్టే. జర్మనీలో బున్సెన్, కిర్చాఫ్ అనే ఇద్దరు 1859, 1860 ప్రాంతంలో దీన్ని ఒక పద్ధతిగా నిలబెట్టారు. ఆ పద్ధతితోనే సీసియం, రుబీడియం అనే రెండు కొత్త మూలకాలను పట్టుకున్నారు. ఒక వస్తువులో ఏముందో దాని వెలుగు చూసి చెప్పే ఈ పనికే స్పెక్ట్రోస్కోపీ అని పేరు.

ఈ ఇల్మ్ చరిత్రలో మన గుంటూరుకూ చోటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రాన్సు నుంచి జాన్‌సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరు వచ్చి, అక్కడి ఒక ఫ్రెంచి వ్యాపారి ఇంట్లో పరికరాలు పెట్టుకున్నాడు. గ్రహణం వేళ సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగులో గీతలు చూశాడు. అవి ఎంత కాంతిగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా కనబడతాయని అనుకున్నాడు. మర్నాడు మామూలు ఎండలోనే చూసి రుజువు చేశాడు. అదే గ్రహణాన్ని మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ అధికారి పాగ్సన్ చూశాడు. పసుపు గీత ఒకటి సోడియం గీతకు దగ్గరగా ఉందిగానీ, సరిగ్గా అదే చోట లేదేమో అన్న అనుమానం ఆయనకు వచ్చింది. ఆ పసుపు గీతే ముందుముందు హీలియం అనే మూలకానికి దారి తీసింది.

కానీ పేరు ఎవరికి దక్కింది? జాన్‌సెన్ ఉత్తరం పారిస్ అకాడమీకి చేరింది. గ్రహణంతో పనిలేకుండా అదే గీతలను ఇంగ్లండులో చూసిన లాక్యర్ ఉత్తరం కూడా అక్కడికే చేరింది. రెండూ ఒకే రోజు, 1868 అక్టోబర్ 26న, అకాడమీ ముందుకొచ్చాయి. ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో కలిపి ఒక పతకం అచ్చు వేయించింది. ఆ పసుపు గీత భూమ్మీద ఎరిగిన ఏ మూలకానిదీ కాదని నిలబెట్టింది లాక్యర్. ఆయనే మరుసటి ఏడు నేచర్ అనే పత్రిక మొదలుపెట్టాడు, అది ఇప్పటికీ నడుస్తోంది. పాగ్సన్ నివేదిక మాత్రం మద్రాసులో ప్రభుత్వ కాగితంగా అచ్చయి అక్కడే ఉండిపోయింది. చూసిన కళ్ళు ఎంత పదునువైనా, రాసింది చదివేవాళ్ళ చేతికి చేరకపోతే చూడనట్టే లెక్క. ఈ మాట గుర్తుంచుకోండి, మన నీళ్ళ కథలో మళ్ళీ వస్తుంది.

ఇక పళ్ళ దగ్గరికి వద్దాం. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్ళో మెక్‌కే అనే కుర్ర దంతవైద్యుడు ప్రాక్టీసు పెట్టాడు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు మరకలు! బయటి నుంచి పెద్దయ్యాక వచ్చినవాళ్ళకు లేవు. పన్ను తయారయ్యే పసితనంలోనే ఏదో లోపలికి పోతోందని, అది తాగే నీళ్ళలోనే ఉందని ఆయనకు గట్టి అనుమానం. కానీ నీళ్ళను ఎన్నిసార్లు పరీక్ష చేయించినా ఏమీ దొరకలేదు. కారణం సాదాసీదాగా ఉంది: ఫ్లోరిన్ కోసం ఎవరూ వెతకలేదు. తాగే నీళ్ళలో అది ఉంటుందని ఎవరి ఖయాల్‌లోనూ లేదు.

ఆర్కన్సా రాష్ట్రంలో బాక్సైట్ అని ఒక ఊరుంది, అల్యూమినియం ఖనిజం తవ్వే కంపెనీ ఊరు. 1909లో అక్కడ పాత లోతులేని బావులు వదిలి లోతైన బావుల నీళ్ళు ఇచ్చారు. తర్వాత పుట్టిన పిల్లల పళ్ళు గారపట్టాయి. మెక్‌కే, ప్రభుత్వ ఆరోగ్యశాఖకు చెందిన కెంప్ కలిసి ఆ ఊరు వెళ్ళి చూసి, 1930లో దాని మీద పత్రం షాయా చేశారు. ఆ పత్రం అల్యూమినియం కంపెనీ ముఖ్య రసాయన శాస్త్రవేత్త చర్చిల్ కంటపడింది. అల్యూమినియం గిన్నెల్లో వండితే విషం అని జనం అప్పటికే అంటున్నారు. ఇప్పుడు పళ్ళ నింద కూడా కంపెనీ మీద పడుతుందేమోనని ఆయన ఫికర్. బాక్సైట్ నీళ్ళు పెన్సిల్వేనియాలోని తమ ప్రయోగశాలకు తెప్పించాడు.

అక్కడ పెట్రీ అనే ఉద్యోగి ఆ నీళ్ళను ఎండబెట్టగా మిగిలిన పొడిని స్పెక్ట్రోగ్రాఫ్ కింద పెట్టాడు. కరెంటు మెరుపులో ఆ పొడి మండుతుంటే వచ్చే వెలుగును ఫొటో ప్లేటు మీద పట్టే యంత్రం అది. ఫ్లోరిన్ చాలా జిద్దీ మూలకం. దాని సొంత గీతలు మామూలు ప్లేటుకు అంత తేలిగ్గా చిక్కవు. కానీ ఆ మంటలో అది కాల్షియంతో కలిసినప్పుడు ఆకుపచ్చ, నారింజ రంగుల దగ్గర పట్టీలు పడతాయి. ప్లేటు మీద ఆ జాడ కనబడింది. చర్చిల్ నమ్మలేదు, శాంపిల్‌లో ఏదో కలిసిపోయి ఉంటుందని జాగ్రత్తగా మరొకటి తెప్పించాడు. మళ్ళీ అదే జాడ. కొలిచి చూస్తే పదిలక్షల పాళ్ళ నీళ్ళలో 13.7 పాళ్ళు ఫ్లోరైడ్! ఈనాడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 1.5. అంటే తొమ్మిది రెట్లు.

చర్చిల్ చేసిన తర్వాతి పని నాకు మరీ నచ్చుతుంది. కంపెనీ పేరు కాపాడుకోవడానికి మొదలైన పరీక్ష అది. ఫలితాన్ని సొరుగులో పెట్టి తాళం వేసుకుని ఉండొచ్చు. ఆయన మెక్‌కేకు రాసి, పళ్ళు గారపట్టే మిగతా ఊళ్ళ నీళ్ళు కూడా తెప్పించుకుని, అన్నిట్లోనూ ఫ్లోరైడ్ ఉందని చూసి, 1931లో పత్రం షాయా చేశాడు. అందులో పెద్దమాటలు లేవు. కారణం ఇదేనని తేల్చలేదు, ఈ నీళ్ళన్నిట్లో ఎవరూ అనుకోని వస్తువు ఒకటి ఉందని మాత్రమే చెప్పాడు. ఎంత తెలుసో అంతే చెప్పడం కూడా ఈమాన్‌దారీయే.

అదే 1931లో అరిజోనాలో మార్గరెట్ స్మిత్, ఆమె సహచరులు ఎలుకల మీద పరీక్షించి ఫ్లోరైడ్ వల్లనే పళ్ళు పాడవుతాయని చూపించారు. అదే ఏడాది మొరాకోలో పనిచేస్తున్న ఫ్రెంచి పశువైద్యుడు వెలూ, అక్కడి జనం దార్మూస్ అని పిలిచే పళ్ళ జబ్బుకు కూడా ఫ్లోరినే కారణమని రాశాడు. మొరాకోలో మన భాయీబెహెన్‌లు కూడా తరాల తరబడి అదే మరకతో బతికారన్నమాట. 1932లో డెన్మార్క్ డాక్టర్లు ఫ్లోరిన్ ధూళిలో పనిచేసే కార్మికుల ఎముకలు ఎక్స్‌రేలో మందంగా గట్టిపడి కనబడుతున్నాయని బయటపెట్టారు. పళ్ళ మరకా ఎముకల బిగుసూ ఒకే విషం పని అని అప్పుడు తేలింది.

ఈ పత్రాలు ఓడల మీద మద్రాసు కూడా వచ్చాయి. గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడి షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో దర్శి, పొదిలి వైపు ఊళ్ళలోని వింత రోగాన్ని పరిశోధించారు. పిల్లలకు పళ్ళు గారపడుతున్నాయి, నడివయసు వచ్చేసరికి వెన్నూ మెడా బిగిసిపోతున్నాయి, కొందరికి కాళ్ళూ చేతులూ చచ్చుపడుతున్నాయి. మనుషుల కంటే ముందు ఎద్దుల కీళ్ళు పట్టేయడం రైతులు గమనించారని కూడా ఈ రోగం గురించి రాసినవాళ్ళు చెప్తారు. ఒంగోలు ఎద్దును కన్నబిడ్డలా చూసుకునే రైతుకు అది తెలియకుండా పోతుందా? కారణం తాగే నీళ్ళలోని ఫ్లోరైడ్ అని ఆ ముగ్గురూ తేల్చి, 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. మన దేశంలో మనుషులకు ఫ్లోరోసిస్ ఉందని చెప్పిన మొట్టమొదటి తహఖీఖ్ మన మట్టి గురించే!

మన నీళ్ళకే ఎందుకీ శాపం? శాపమేమీ కాదు, రాయి. భూగర్భ శాస్త్రవేత్తలు "కనిగిరి గ్రానైట్" అని మన ఊరి పేరే పెట్టి పిలిచే రాయి ఒకటుంది. అరుదైన లోహాలతో పాటు ఫ్లోరైట్ అనే ఖనిజం కూడా అందులో ఉంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీళ్ళు రాతి సందుల్లో ఏళ్ళ తరబడి నిలిచి ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటాయి. నీళ్ళలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దింపేస్తుంది. కాల్షియం తక్కువై సోడా గుణం ఎక్కువైన నీళ్ళలో ఫ్లోరైడ్ అలాగే నిలిచిపోతుంది. బోరు లోతుగా వేస్తే మంచి నీళ్ళు పడతాయన్న మన నమ్మకం చాలాసార్లు ఇక్కడే తప్పింది. బాక్సైట్ ఊరివాళ్ళదీ అదే తప్పు.

1937 తర్వాత కూడా రాతలు ఆగలేదు. హైదరాబాదు డాక్టరు ఎ.హెచ్. సిద్దీఖీ నల్గొండ జిల్లా రోగులను చూసి 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పత్రం రాశారు. ఎముక పెరిగి మెడ దగ్గర వెన్నుపామును నొక్కడం గురించి తర్వాత కూడా రాశారు. దాదీమా మెడ గురించి నాకు అర్థమయ్యేలా చెప్పింది ఆయన రాతలే. అల్లాహ్ ఆయనకు జజా ఇవ్వుగాక. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, ఈ ప్రాంతాల పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి లాన్సెట్‌లో రాశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ తయారు చేసి, దానికి నల్గొండ పేరే పెట్టింది.

అంతా ఉంది. గెజెట్‌లో ఉంది, లండన్ పత్రికల్లో ఉంది. మా గల్లీలో మాత్రం లేదు. 1971లో జర్దా అని నింద వేసినవాళ్ళకూ తెలియదు, నింద పడ్డవాళ్ళకూ తెలియదు. దాదీమాను చూపించిన డాక్టరు నొప్పి గోలీలు రాసిచ్చాడు, నీళ్ళ మాట ఎత్తలేదు. ఆ ముగ్గురు శాస్త్రవేత్తలను నేను తప్పు పట్టను. వాళ్ళు తమ ఇల్మ్‌ను దాచలేదు, షాయా చేశారు. కానీ ఇంగ్లీషులో షాయా అయిన మాటకు మన భాషలో ఇంకో ప్రయాణం మిగిలే ఉంటుంది. ఆ ప్రయాణం ఎవరు చేయాలి? చదువుకుని ఊరొదిలిన మనలాంటివాళ్ళం కాదా? పాగ్సన్ కాగితం మద్రాసులో ఉండిపోయినట్టే, నేను చదివిన 1937 పత్రం కూడా చాలా ఏళ్ళు నా నోటుబుక్కులోనే ఉండిపోయింది. ఈ గుణాహ్‌లో నాకూ హిస్సా ఉంది.

ఇప్పుడు యంత్రాలు చాలా మారాయి. హైదరాబాదులోని ఎన్.జి.ఆర్.ఐ.లో ఉన్న ఐసీపీ మాస్ స్పెక్ట్రోమీటర్ లాంటి యంత్రం, చుక్క నీటిలో సీసం, ఆర్సెనిక్ వంటివి వందకోట్ల పాళ్ళలో ఒక పాలు ఉన్నా చెప్పగలదు. తమాషా ఏమిటంటే, ఫ్లోరిన్ దగ్గర అంత ఖరీదైన యంత్రమూ తడబడుతుంది. అది ఆర్గాన్ వాయువు మంటతో పనిచేస్తుంది, ఆర్గాన్ కంటే ఫ్లోరిన్ మరీ జిద్దీ, ఎలక్ట్రానును వదలదు. అందుకే కొత్త స్పెక్ట్రోమీటర్లలో కొన్ని, పెట్రీ ప్లేటు లాగే, ఫ్లోరిన్ కాల్షియంతో కలిసినప్పటి వెలుగు పట్టీనే ఆసరా చేసుకుంటాయి. మనకు అంత దూరం అక్కర్లేదు. 1966లో వచ్చిన ఫ్లోరైడ్ ఎలక్ట్రోడుతోనో, రంగు మారే ద్రవంతోనో నీళ్ళ పరీక్ష కేంద్రంలో మామూలుగా కొలుస్తారు.

కాబట్టి మీ బోరు నీళ్ళు ఒకసారి పరీక్ష చేయించండి. రిపోర్టులో ఫ్లోరైడ్ అన్న వరస చూడండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఓర్చుకోవచ్చని మన దేశ ప్రమాణం చెప్తుంది. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరి పోయి ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు కూడా దీనికి పనికిరాదు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు తాగడానికే కాదు, వంటకూ మంచి నీళ్ళే వాడండి. వజూకూ బట్టలకూ బోరు నీళ్ళు వాడుకుంటే ఫరవాలేదు. రిపోర్టును బీరువాలో దాచకండి. మస్జిద్ నోటీసు బోర్డు మీద, జమాత్ టైముల పక్కనే అంటించండి.

పోయిన నెల కనిగిరి వెళ్ళినప్పుడు ఇదంతా ఫుప్పీకి కూర్చుని చెప్పాను. అమెరికా ప్లేటు సంగతి చెప్పాను, గిండీ సంగతి చెప్పాను. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది.

"కౌన్‌సా సాల్ బోలా?"

"1937."

వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "నేను పుట్టక ముందే తెలుసా?" అంది. నేను ఏమీ అనలేదు. కాసేపటికి ఆమే అంది: "అయితే రాయి. ఉర్దూలో రాస్తే మన పిల్లలు చదవరు, తెలుగులో రాయి. జర్దా కాదని కూడా రాయి."

రాశాను ఫుప్పీ. జర్దా కాదు.